పదకొండు గళ్ల పట్టిక

వారం రోజుల శిక్షణతో ఒక మనిషి ఎంత నష్టం చేయగలడో తెలుసుకోవాలంటే మీరు ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, నన్నడగండి. అరవైల చివర్లో నిజామాబాద్‌లో నడుస్తున్న ఒక బీడీ కార్ఖానాను నేను మూడు వారాల్లో దాదాపు మూత వేయించాను. నిప్పు పెట్టలేదు, సమ్మె చేయించలేదు. ఒక పట్టిక గీశాను, అంతే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. కార్ఖానాలో కొత్తగా చెకర్ ఉద్యోగం. చుట్టుపక్కల వాడల ఆడవాళ్లు ఇళ్లలో బీడీలు చుట్టి బుట్టల్లో తెస్తారు. చెకర్ ఒక్కో కట్టలోంచి నాలుగు తీసి వేళ్ల మధ్య నొక్కుతాడు. రెండు పగిలితే కట్టంతా చాట్, అంటే పనికిరాని మాల్. దానికి కూలి ఉండదు. నాకంటే ముందు ఈ పని ఖాజా మియా చేసేవాడు. కళ్లకు పొరలు రావడంతో ఆయన్ని లేబుళ్ల గదికి మార్చి, నన్ను ఆయన పీట మీద కూర్చోబెట్టారు. కూర్చున్న రోజు నుంచే చాట్ కుప్ప పెరగసాగింది. ముసలాయనకు కళ్లు కనబడక ఇన్నాళ్లూ అన్నీ వదిలేశాడని, నా రాకతోనే నాణ్యత మొదలైందని లోలోపల మీసం మెలేసుకున్నాను. అప్పటికి మీసం సరిగా రాలేదనుకోండి, అది వేరే విషయం.

సేటు మాత్రం కుర్చీలో ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయాడు.

“ఏందయ్యా గిది? నాందేడ్ ఆర్డరు నెత్తి మీద ఉన్నది. సగం మాల్ చాట్లనే పోతుంది. ఆకు ఖరాబా, ఆడోళ్ల చెయ్యి ఖరాబా? జల్ది తేల్చు.”

“తేలుస్త సేటూ. హైదరాబాద్‌ల ట్రైనింగ్ అయిన గద!”

చేరిన కొత్తలో సేటే నన్ను ఆ శిక్షణకు పంపాడు. సరఫరా అయిన సరుకులో దోషం ఎక్కడుందో పట్టుకోవడానికి అక్కడ మూడు దారులు చెప్పారు. పని జరిగే చోటికి వెళ్లి కూర్చుని చూడటం ఒకటి. ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడటం రెండోది. ఈ రెండూ పారకపోతే పెద్ద పట్టిక గీయడం మూడోది. దోషాన్ని చూశాకే దారి ఎంచుకోండి అని పాపం ఆ మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నేను తిరుగు రైల్లోనే మూడోది ఎంచేసుకున్నాను. మొదటి రెండింటికీ పెద్ద కాగితం అక్కర్లేదు మరి. పెద్ద కాగితం లేకపోతే నాకు శిక్షణ అయిందని నలుగురికీ ఎలా తెలుస్తుంది?

“బేటా, మనకు బీడీలు చుట్టే రాజవ్వ వాకిట్ల పోయి ఒక గంట కూసో. చాయ్ పోస్తది, సంగతి గూడ తెలుస్తది” అన్నాడు ఖాజా మియా.

“చాయ్ తాగితే సైన్స్ అయితదా మియా?” అన్నాను. ఆయన లేబుళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

పట్టికలో పదకొండు గళ్లు. ఆకు, తంబాకు, దారం, కత్తెర, నానబెట్టిన నీళ్లు, ఆ రోజు మబ్బు పట్టిందా లేదా, చుట్టినామె ఏ దిక్కుకు తిరిగి కూర్చుంది, ఇలా. ఇక నాకు కాలు నిలవలేదు. ఆకు మీద అనుమానంతో, అది వచ్చే అడవి చూడటానికి ఇందల్వాయి బస్సెక్కాను. దారం మీద అనుమానంతో బజారంతా తిరిగాను. నీళ్ల మీద అనుమానంతో వాడలో ప్రతి గడపా తొక్కాను.

“అక్కా, ఆకు ఏ నీళ్లల్ల నానవెడ్తరు?”

“నీళ్లల్లనే.”

“బాయి నీళ్లా, నల్లా నీళ్లా?”

“ఏవుంటె గవి. నీకేం పని లేదా సారూ?”

పని లేకేం! నాలుగు నొక్కే చోట పది నొక్కడం మొదలుపెట్టాను. చాట్ రెట్టింపైంది. చూశారా, దోషం ఎంత లోతుగా పాతుకుపోయిందో అనుకుని ఇంకా గట్టిగా నొక్కాను. అన్నం తింటూ గళ్లు నింపాను. నడుస్తూ లెక్కలు కట్టాను. మూడో వారం చివర్లో పట్టిక తీర్పు చెప్పింది. అందరికంటే ఎక్కువ చాట్ రాజవ్వది. అందరికంటే ఎక్కువ చుట్టేది కూడా రాజవ్వే కాబట్టి చాట్ కూడా ఎక్కువ వస్తుందన్న చిన్న లెక్క నా పెద్ద కాగితంలో పట్టలేదు.

“ఆమె కార్డు తీసెయ్” అన్నాడు సేటు.

కార్డు పోతే ఆకు ఇవ్వరు, తంబాకు ఇవ్వరు. ఆ కార్డు మీదే రాజవ్వ ముగ్గురు పిల్లల్ని సాకుతోంది. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ కార్డు తీసేశాను.

మర్నాడు పొద్దున ఆమె బుట్టతో వచ్చి నా ఎదురుగా నిలబడింది. ఏడవలేదు, తిట్టలేదు.

“నా బీడి ఎట్ల పలుగుతుందో నా ముంగట నొక్కు.”

నొక్కాను. పటుక్కుమంది.

“సూసినవా?” అన్నాను విజయగర్వంతో.

“సూసిన. ఇగ మియాను పిలువుండ్రి.”

ఖాజా మియా గోడ తడుముకుంటూ వచ్చాడు. అదే కట్టలోంచి పది బీడీలు ఆయన చేతికిచ్చింది. కళ్లు మూసుకుని ఒక్కొక్కటే నొక్కాడు. ఒక్కటీ పగల్లేదు. రాజవ్వ నేరుగా సేటు బల్ల దగ్గరికి వెళ్లి, ఆయన సొంతానికి పెట్టుకున్న పాత కట్ట తెచ్చింది. ఖాజా మియా కాలంలో పాసైన మాల్ అది.

“గివి నొక్కు.”

మొదటిది పటుక్. రెండోది పటుక్. మూడోది తీయబోతుంటే సేటు తన నోట్లోని బీడీకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఖాజా మియా నా చెయ్యి పట్టుకుని బొటనవేలు తడిమి చూశాడు. “బేటా, ఇంతకుముందు ఏం పని చేసినవ్?”

“బోధన్‌ల చెరుకు యార్డుల. రెండు సీజన్లు. బండి మీది చెరుకు నొక్కి, విరిచి సూసేటోణ్ని.”

“యా అల్లా! చెరుకు నొక్కిన ఏలుతోని బీడి నొక్కుతున్నవా!”

వరసలో ఉన్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మూడు వారాల వాళ్ల కష్టం నా వేలి కింద పగిలింది. సిగ్గుతో రాజవ్వ మొహం చూడలేకపోయాను.

సేటు పట్టిక తీసి వెతికాడు. “పదకొండు గళ్లు గీసినవ్. గిండ్ల నీ ఏలు ఏ గడిల ఉన్నదయ్యా?”

లేదు. మబ్బుకు గడి ఉంది, నాకు లేదు.

రాజవ్వ కార్డు ఆమె చేతికి తిరిగి వచ్చింది. చాట్ కింద పోయిన కూలి అందరికీ ఇప్పించేదాకా ఆమె గుమ్మం వదల్లేదు. ఖాజా మియా తన పీటకు తిరిగొచ్చాడు. నన్ను ఆయన పక్కన కట్టలు లెక్కపెట్టే పనిలో వేశారు. పదిమంది ముందు లేచి నిలబడి, ఇకపై ఏ దోషం వెతకాల్సి వచ్చినా మొదటి గడిలో నా పేరే రాసుకుంటానని, అవసరమైతే ఆ ఒక్క గడితోనే ఆగిపోతానని ప్రమాణం చేశాను. ప్రమాణం పూర్తి చేసి, ఎంతో వినయంగా రాజవ్వ బుట్ట అందుకోబోయాను.

ఆమె బుట్టను చటుక్కున వెనక్కి లాక్కుంది.

“దూరం కెళ్లి లెక్కవెట్టు సారూ. చేతులు ఎనుకకు కట్టుకో.”