మూడో సెల్

ఎవరు బ్యాటరీ తెచ్చినా అతను ముందు బొటనవేలితో దాని పొట్ట నొక్కుతాడు. తర్వాత గాజుపలక మీద పెట్టి ఒక మూలను తోస్తాడు. ఉబ్బినదైతే బొంగరంలా తిరుగుతుంది. మంచిదైతే పీటలా కదలదు. మీటరు ఆ తర్వాతే.

వృత్తికి లిఫ్టు మెకానిక్కు. ఆదివారాలు మైదానంలో రిమోట్ విమానాలు ఎగరేసేవాళ్లకు మాత్రం నాడి డాక్టరు. అతను సరేననకుండా అక్కడ ఎవరి విమానమూ లేవదు. ఆ నియమం అతను పట్టుబట్టి పెట్టించిందే. నిరుడు ఒకరి బ్యాటరీ వేలికి మెత్తగా తగిలినా మొహమాటానికి "పర్లేదులే" అన్నాడు. సాయంత్రానికి అది కారు వెనకసీట్లో అంటుకుంది. మనుషులు అప్పటికే దిగారు కాబట్టి సరిపోయింది.

శనివారం సాయంత్రం బావమరిది వచ్చాడు. బస్సు కండక్టరు. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి పోటీ. రెండేళ్లుగా దొరకని సెలవు ఈసారి దొరికింది. తన విమానంలో పట్టే బ్యాటరీ ఒక్కటే ఉంది. దాన్ని గుడ్డలో చుట్టుకొచ్చాడు.

"చూడు బావా. నీ బొటనవేలికి దణ్ణం పెట్టుకుని తెచ్చా."

నొక్కాడు. గట్టిగా ఉంది. గాజు మీద కదల్లేదు. మీటరులో దాని లోపలి మూడు సెల్లులూ సమానంగా, నిండుగా ఉన్నాయి. సరే అనబోయి ఆగాడు.

"ఇదేంటి, ఇంత చల్లగా ఉంది?"

"బయట గాలి బావా."

"ఏ గాలి? నా చొక్కా పిండితే నీళ్లొస్తాయి."

వంటింట్లోంచి భార్య నవ్వింది. "ఇంకా ఎందుకురా దాస్తావు? నీ పెళ్లాం ఇప్పుడే ఫోన్ చేసింది. మధ్యాహ్నం నుంచి ఫ్రిజ్‌లో పాలపాకెట్ల పక్కనే ఉందటగా!"

"అక్కా, నువ్వెవరి వైపు?"

చలికి వాపు తీస్తుందని ఎవరో చెప్పారట. అతను చల్లదనం పోయేదాకా బ్యాటరీని గంటసేపు బల్ల మీద ఉంచాడు. తర్వాత గాజు మీద తోశాడు. ఒకటిన్నర చుట్టు తిరిగింది. కరెంటు లాగి చూద్దామని బల్బు తగిలించగానే మీటరులో మూడో సెల్ అంకె మెట్టు తప్పినవాడిలా జారిపోయింది.

"ఆరు నిమిషాలే బావా. ఎగిరి దిగిపోద్ది."

"అంటుకోవడానికి అంతసేపు అక్కర్లేదు."

"నీకు తాడు కూడా పామే."

"వాపు చూసి బలుపనుకునేవాళ్లని చూశాను. వాపుని ఫ్రిజ్‌లో దాచినవాణ్ణి నిన్నే చూస్తున్నా."

"సరే, ఎగరేయను. ఇటివ్వు, ఇంటికి పట్టుకెళ్తా."

"ఎక్కడ పెడతావు? పిల్లలు పడుకునే మంచం కిందేగా నువ్వు చార్జింగ్ పెట్టేది?"

బావమరిది చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అయితే ఇవ్వను."

అక్క ఇచ్చిన టీ అలాగే వదిలేసి బావమరిది వెళ్లిపోయాడు.

"ఇంకాస్త మెత్తగా చెప్పొచ్చుగా," అంది భార్య.

"మెత్తగా చెప్పే నిరుడు ఒక కారు తగలబెట్టాను."

కోపం బావమరిది మీద సగమే. మిగతా సగం తన వేలి మీద. ఇన్నాళ్లూ నమ్ముకున్న వేలు నాలుగు పాలపాకెట్ల ముందు ఓడిపోయింది. అరచేతికి చల్లగా తగలకపోతే సరే అనేసేవాడు. ఆ మాట ఎవరితోనూ అనలేక, శుభ్రంగా ఉన్న గాజునే మళ్లీ మళ్లీ తుడిచాడు.

తెల్లారేసరికి బ్యాటరీ పొట్ట ఇంకా పొంగింది. దాన్ని అలా వదిలి మైదానానికి వెళ్లడానికి లేదు. ఈ పూట తనకు బదులు బ్యాటరీలు చూడమని విమానాల క్లబ్బు కార్యదర్శికి ఫోన్ చేశాడు. ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉన్నవాటిని గంటసేపు పక్కన పెట్టమన్నాడు. "ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లు కూడా ఉంటారా?" అని అవతల నవ్వు వినిపించింది. ఫోన్ పెట్టేశాడు.

పెరట్లో ఇనప బకెట్టులో ఇసుక పోసి బ్యాటరీని అందులో కూర్చోబెట్టాడు. చార్జింగ్ పూర్తిగా దిగిపోయేలా తీగలకు కారు బల్బు కట్టి, పదడుగుల దూరంలో గట్టు మీద కూర్చున్నాడు. పోటీ మొదలయ్యే ఎనిమిదయింది. బావమరిది నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. బల్బు పసుపు నుంచి ఎరుపుకు దిగి ఆరిపోయేదాకా అక్కడే ఉన్నాడు.