ఎడంచెయ్యి బావది, దూకుడు నాది

2004 జూన్ 13, ఆదివారం సాయంత్రం. గాజువాకలో మా చెల్లెలి ఇల్లు. హాజరు: నేను, చెల్లెలు, కుడిచేతికి సిమెంటు కట్టుతో బావ.

నిన్న మా మనవరాలు ఫోనులో ఏదో కత్తియుద్ధం సగంలో ఆపి భోజనానికి లేచి, తిరిగొచ్చి సరిగ్గా ఆపిన చోటి నుంచే మొదలుపెట్టడం చూసి, ఇన్నేళ్ళ తర్వాత ఆ 2004 డైరీ తీశాను. చదువుతుంటే పాత రోతంతా మళ్ళీ పైకొచ్చింది.

బావ పోర్టులో క్రేను నడిపేవాడు. ఆటోనగర్ మలుపులో స్కూటరు జారి చెయ్యి విరిగింది. వేళ్ళు మునుపటిలా వంగుతాయో లేదో కట్టు విప్పితేగాని చెప్పలేమన్నారు డాక్టరు; వంగకపోతే మళ్ళీ క్రేను ఎక్కడం కల్ల. ఆ దిగులు మరవడానికి, తనకిష్టమైన కత్తివీరుడి సినిమాల వరస మీద తయారైన కంప్యూటరు ఆట తెప్పించుకున్నాడు. ఒంటిచేత్తో ఆడలేడు గనుక, ఎడంచేత్తో తను వీరుణ్ణి నడిపిస్తే, పక్కన కూర్చుని దూకించడం, కత్తి దూయించడం స్టీలు ప్లాంటులో పనిచేసే నా వంతు.

మంచిని మంచనాలి. వానలో రాతి మీద అడుగుల చప్పుడు వేరు, చెక్క మీద వేరు. కత్తి గాలిని కోసే తీరు సినిమాలోకన్నా బాగుంది. మిగిలిందంతా దగా. శత్రువు మీదికొచ్చే క్షణానికే దృశ్యం పోయి స్తంభం వెనక దాక్కునేది. మనకు కనబడేది స్తంభం, చచ్చేది వీరుడు. చచ్చినప్పుడల్లా కోట మొదటి మెట్టు నుంచి మళ్ళీ ఎక్కాల్సిందే.

“దూకించు బావా! ఏటి సూత్తన్నావ్?” అని అరిచేవాడు బావ.

“ఎక్కడికి దూకించను? గోడ తప్ప ఏమీ కనబడి చావదే!”

“స్టీలు ప్లాంటులో ఇన్నేళ్ళూ మీటలు నువ్వే నొక్కినావా, పక్కోడు నొక్కినాడా?”

“ఇద్దరు కలిసి ఒక్క వీరుణ్ణి బతికించలేకపోతన్నారు,” అనేది చెల్లెలు టీ గ్లాసులు పెడుతూ.

మర్నాడే కట్టు విప్పడం. ఈలోగా ఒక్క గెలుపైనా చూడాలని బావ పట్టు. కరెంటు కరుణించి, ఆ సాయంత్రం చివరి తలుపు దాకా చేరాం. తలుపు తెరుచుకుంది. వీరుడు కత్తి ఎత్తాడు. తెర నల్లబడింది. మిగతా కథ సినిమాహాల్లో చూసుకోమని నాలుగు ముక్కలు పడ్డాయి. విందుకు పిలిచి, విస్తరి ముందు కూర్చోబెట్టి, హోటలుకు దారి చూపినట్టు! అంత ఏవగింపు నాకు మరే వస్తువు మీదా పుట్టలేదు. బావ మాత్రం తన కట్టుకేసి చూసుకున్నాడు.

ఇప్పటి ఆటల్లో ఆ అవకతవకలేవీ లేవు. పక్కన రెండో మనిషి అవసరమూ లేదు. నిన్న మనవరాలి పక్కన ఎంతసేపు కూర్చున్నా, నేను నొక్కడానికి ఒక్క మీట లేదు.

ఆ సోమవారం ఉదయం కట్టు విప్పి, వేళ్ళు ముడవమన్నారు డాక్టరు. బావ ముఖం నిండా చెమటలు పట్టాయిగాని వేళ్ళు కదల్లేదు. నాకు తెలియకుండానే “దూకించు బావా!” అనేశాను. చూపుడువేలు కాస్త వంగి ఆగిపోయింది. రోజూ కొంచెం కొంచెంగా వంచుతుంటే వస్తుందన్నారు డాక్టరు.

బావ ఆ వేలినే చూస్తూ అన్నాడు: “పర్లేదు బావా, ఇది ఆ దిక్కుమాలిన ఆట లాగ కాదు. ఆగిన కాడ్నుంచే మొదలెట్టొచ్చు.”