ఆదివారం కొనని సీసా

పోయిన నెల మా రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్లు ఆబిడ్స్‌లో ఒక హాలు కిరాయికి తీసుకుని పాత సిబ్బందికి సన్మానం పెట్టారు. డెబ్బై దాటిన వాళ్లకు తలా ఒక శాలువా, తలా ఒక సన్మాన పత్రం, ఆ తర్వాత భోజనం అని ఫోన్ చేసి చెబితే, మోకాళ్ల నొప్పులున్నా మా ఆవిడను వెంటబెట్టుకుని కాచిగూడ నుంచి ఆటోలో వెళ్లాను. నా వంతు వచ్చింది, శాలువా భుజాల మీద పడింది, సంఘం కార్యదర్శి మైకు ముందు నిలబడి నా పత్రం చదవడం మొదలుపెట్టాడు. "తాగుడు వ్యసనాన్ని మనోబలంతో జయించి తోటి ఉద్యోగులకు ఆదర్శంగా నిలిచిన" అన్నది అందులో మొదటి మాట. జనం చప్పట్లు కొట్టారు. నేను శాలువా తీసి నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచి, ఆ పత్రం తప్పు, దిద్దితేనే తీసుకుంటానని చెప్పాను.

కార్యదర్శి మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, "మంచిగ చెప్తె గూడ కోపమేనా అన్నా నీకు? ముసలోడివైతివి, ఇంక గా తిక్క పోలేదా?" అన్నాడు.

పోలేదు. పోదు కూడా. ఈ సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే విని తల ఊపుతారు గానీ, ఆ రోజుల్లో సర్కారు ఉద్యోగం చేసి, పై అధికారి మాటకు బదులు చెప్పలేక ఇంటికొచ్చి నీళ్లు తాగి పడుకున్న నా వయసు వాళ్లకే అసలు సంగతి అర్థమవుతుందని ఇది రాస్తున్నాను. నేను తాగలేదని అనడం లేదు. తాగాను, బాగా తాగాను, అదొక రోగమని కూడా ఒప్పుకుంటాను. కానీ ఆ రోగానికి ముందు నాకు ఇంకొకటి ఉంది. దాని పేరు భయం. ముందు భయం, తర్వాత సీసా. నలభై ఏళ్లుగా నేను అడుగుతున్నదల్లా ఆ వరస సరిగ్గా రాయమనే.

నాంపల్లిలో మా ఆఫీసు ఉండేది; దాని పేరు ఇక్కడ అనవసరం. చేరిన మొదటి మూడేళ్లు నన్ను రికార్డు గదిలో వేశారు. పాత ఫైళ్లు, చెదపురుగులు, ఒక స్టూలు, ఒక కిటికీ. ఆ మూడేళ్లంత సుఖం నేను మళ్లీ ఎన్నడూ ఎరగను. ఆ తర్వాత పేర్లు పిలిచే గుమాస్తా రిటైరయ్యాడు. రోజూ పదకొండు గంటలకు వరండా మెట్ల మీద నిలబడి అర్జీ పెట్టుకున్న వాళ్లను పేరు, తండ్రి పేరు, బస్తీ చెప్పి మూడుసార్లు గట్టిగా పిలవాలి. మూడో పిలుపుకు పలకకపోతే ఆ ఫైలు అడుగుకు పోతుంది, ఆ మనిషి మళ్లీ నెల తర్వాత రావాలి. చాదర్‌ఘాట్ నుంచి నడిచి వచ్చే ముసలివాళ్లు కూడా ఆ గుంపులో ఉండేవారు. ఆ పని నాకు వేశారు.

నాకు నలుగురి ముందు పేరు పిలవడమంటే ఏమిటో ఎవరికీ తెలియదు. మా పెళ్లయి ఇంటికొచ్చిన రోజు, గడప దగ్గర మా అక్క అడ్డం నిలబడి, పెళ్లాం పేరు చెప్పి లోపలికి రమ్మంది. అందరిళ్లలో ఉండే సరదాయే. నాకు మాత్రం గొంతు మూసుకుపోయి, గుండె చెవుల్లో కొట్టుకుని, కొత్త చొక్కా వీపుకు అంటుకుపోయింది. పిల్లగానికి సిగ్గెక్కువని నవ్వి, చివరికి చెప్పకుండానే లోపలికి పంపారు. అది సిగ్గు కాదని ఆ రోజు గ్రహించింది ఒక్క మా ఆవిడే. కొంగుముడి వేసి ఉంది గనుక నా చెయ్యి వణకడం ఆమెకు తెలిసింది.

వరండా మెట్ల మీద మొదటి రోజు కూడా అదే జరిగింది. మొదటి పేరు సగంలో ఆగిపోయింది. కాళ్ల కింద మెట్లు కదిలినట్టయింది, ప్రాణం పోతున్నదనుకున్నాను. హెడ్ క్లర్కు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏందయ్యా, గొంతుల ముల్లు ఇరికిందా? కోడిపిల్ల లెక్క గట్ల కీచుమంటున్నవు" అన్నాడు. వరండా అంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లలో ఎవరెవరు ఏ స్తంభం దగ్గర నిలబడ్డారో ఈ రోజు అడిగినా చెప్పగలను.

మూడో రోజో నాలుగో రోజో, నా పక్క బల్ల గుమాస్తా నన్ను ఆఫీసు ఎదురుగా ఉన్న ఇరానీ హోటలుకు తీసుకుపోయి, చాయ్ రాకముందే జేబులోంచి చిన్న సీసా తీశాడు. "ఒక్క మూత ఏసుకో అన్నా. గొంతు గల్లుమంటది. ఫికర్ జెయ్యకు, మందు లెక్కనే అనుకో." వేసుకున్నాను. పావుగంటకు ఛాతీలో బిగించిన తాడు వదులైంది. మెట్ల మీదికి వెళ్లి పిలిస్తే రోడ్డు అవతలి పండ్ల బండి వాడు కూడా తిరిగి చూశాడు. హెడ్ క్లర్కు సంతోషించి, "గిట్ల పిలవాలె, మొగోని లెక్క" అని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు కూడా నేను మరిచిపోలేదు.

అప్పటి నుంచి నా దినచర్య ఒక పద్ధతిలో పడింది. కాచిగూడలో బస్సెక్కి ఆబిడ్స్‌లో దిగేవాణ్ని. పెద్ద రోడ్డు వెనక గల్లీలో ఒక మందు దుకాణం ఉండేది. దాని షట్టర్ లేచేసరికి నేను అక్కడ ఉండి, ఒక పావు సీసా తీసుకుని, మధ్యలో ఎక్కడో గోడ చాటున సగం తాగి, సోంపు నములుతూ నాంపల్లికి నడిచేవాణ్ని. మొదట్లో ఒక మూత చాలేది, తర్వాత సగం సీసా, ఆ తర్వాత మొత్తం. అంతకంటే అన్యాయమైనది ఇంకొకటి జరిగింది. ఏ భయం కోసం తాగానో ఆ భయమే తాగిన మర్నాడు పొద్దున రెండింతలై కూర్చునేది. ఇదివరకు మెట్ల మీద మాత్రమే వణికే చెయ్యి ఇప్పుడు గడ్డం గీసుకునేటప్పుడు కూడా వణికేది. ఇందులో ఎంత పాలు భయానిదో ఎంత పాలు మందుదో నాకే తెలియకుండా పోయింది.

వాసన పట్టారు. మెమో ఇచ్చారు. నేను రెండు పేజీల జవాబు రాశాను: ఫలానా పని ఇచ్చినప్పుడు నా దేహానికి ఫలానా విధంగా అవుతున్నదని, వేరే ఏ పని ఇచ్చినా చేస్తానని, తాగుడు దాని వల్ల వచ్చిందని. హెడ్ క్లర్కు దాన్ని పైకి పంపకముందు సెక్షన్ అంతా వినేటట్టు చదివాడు. "భయమట! గింత మీసం పెట్టుకుని పేరు పిలిచేటందుకు భయమట! తాగుబోతుల బహానాలు జూసిన గానీ గిసొంటిది జూడలే." అందరూ నవ్వారు. పక్క బల్ల గుమాస్తా కూడా నవ్వాడు.

ఇక మా బామ్మర్ది రంగంలోకి దిగి నాకు మాల వేయించాడు. నల్ల బట్టలు, ఉత్తి కాళ్లు, పొద్దున్నే చన్నీళ్లు, నలభై ఒక్క రోజులు. ఆ నలభై ఒక్క రోజులూ నేను చుక్క ముట్టలేదు. మొదటి వారం నరకం చూశాను గానీ ముట్టలేదు. భక్తి మహిమ అని అందరూ దండం పెట్టారు. ఇక్కడే అందరూ కళ్లుండి చూడని సంగతి ఒకటి ఉంది. మాలలో ఉన్నవాణ్ని మెట్ల మీద నిలబెట్టి అరిపించడం పాపమని హెడ్ క్లర్కే, "స్వామీ, మీరు లోపల కూసోండ్రి" అని నన్ను రికార్డు గదికి పంపాడు. మాల తీసిన మర్నాడు మళ్లీ మెట్లెక్కించారు. వారం తిరగకుండా నేను మళ్లీ ఆబిడ్స్ గల్లీలో తేలాను. వీడికి దేవుడి భయం కూడా లేదన్నారు. దేవుడి భయం కాదు నాయనా, మెట్ల భయం అని మొత్తుకుంటే విన్నవాడు లేడు.

విన్నవాడు కాదు గానీ, చూసినవాడు ఒకడున్నాడు. ఆ మందు దుకాణంలో గల్లా మీద కూర్చునే ఆయన. సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలు పెట్టుకుని ఉండేవాడు. ఏడాదిన్నరలో మా మధ్య పది మాటలు నడిచి ఉండవు. అప్పటికి నా పొద్దులు ఎంత పాడయ్యాయంటే, ఒక ఆదివారం ఆఫీసు లేకపోయినా, మెట్లు లేకపోయినా, చెయ్యి వణుకు ఆగక కాళ్లే నన్ను ఆ గల్లీకి తీసుకుపోయాయి. సీసా అడిగాను. ఆయన అందుకోలేదు. నా మొహం చూసి, గోడ మీది క్యాలెండరు చూసి, "ఇయ్యాల ఇత్వార్ గదా సాబ్, దఫ్తర్ లేదు గదా?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. నీకెందుకయ్యా, అమ్మడం నీ పని అన్నాను.

"గట్ల కాదు సాబ్. ఇత్వార్ నాడు మస్తు మంది వస్తరు, మీరు ఎన్నడు రాలే. పండుగలకు రాలే. మాల ఏసుకుని గీ గల్లీ ముంగట్నించే పోయిన్రు గానీ రాలే. మీరు తాగేటందుకు తాగెటోళ్లు కాదు, ఆడ ఏదో ఉన్నది, గందుకు తాగుతున్నరు అని నేను మా ఇంట్ల గూడ చెప్పిన. ఇయ్యాల వచ్చిన్రు అంటే ఇగ ఉత్త సీసా కోసమే వచ్చిన్రు. జర దవాఖానకు పోండ్రి సాబ్. నేనైతే ఇయ్య."

ఇంకో దుకాణం లేక కాదు, ఆ వరసలోనే రెండున్నాయి. అయినా నేను ఆ పక్కకు పోలేదు. రోడ్డు మీద నిలబడి ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు. భార్య, బామ్మర్ది, ఆఫీసు, దేవుడు ఎవరూ లెక్కపెట్టని ఆదివారాలను ఒక మందు అమ్మేవాడు లెక్కపెట్టాడు.

మర్నాడు మా ఆవిడతో కలిసి సర్కారు దవాఖానలో మనసు రోగాలు చూసే చోటికి వెళ్లాను. ఆ చోటును అప్పుడు ఏ పేరుతో పిలిచేవారో మీకు తెలుసు. అక్కడి డాక్టరమ్మ కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వాళ్ల అమ్మాయి, నాకంటే చిన్నది. ఎంత తాగుతావని అంతకుముందు అందరూ అడిగారు, ఎప్పుడు మానేస్తావని అందరూ అడిగారు. ఆవిడ, "తాగడం మొదలెట్టక ముందు ఏముండేదండీ?" అని అడిగింది. గడప సంగతి నుంచి అంతా చెప్పాను. "ఆ రెండూ ఒకదాన్నొకటి మేపుతున్నాయండీ. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని పట్టుకుంటే రెండూ మిగిలిపోతాయి" అని, వణుకు తగ్గేదాకా దవాఖానలోనే ఉంచి తాగుడు మాన్పించి, ఆ తర్వాత భయానికి వేరే వైద్యం మొదలుపెట్టింది. కొన్ని మాత్రలు, దానితో పాటు ఒక సాధన: అందరూ అరిచే చోటికి పోయి, కొద్దికొద్దిగా గొంతు పెంచుతూ ఎవరినో ఒకరిని పిలవాలి.

నాంపల్లి స్టేషన్‌కు మించిన చోటేముంది? బండి వచ్చిందంటే అక్కడ అరవనివాడెవడు? మా ఆవిడ గేటు దగ్గర నిలబడేది, నేను ప్లాట్‌ఫారం మధ్యలో. మొదటి రెండు వారాలు నా పిలుపు నాకే వినబడలేదు. నెల దాటాక ఒక సాయంత్రం, బండి దిగిన జనం మధ్యలోంచి, కూలీల కేకల మీదుగా, నేను ఆమెను పేరు పెట్టి పిలిచాను. నా జన్మలో అదే మొదటిసారి. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తిరిగి కూడా చూడలేదు. ఆమె మాత్రం జనాన్ని తోసుకుంటూ వచ్చి, "పెండ్లి నాడు గడప కాడ ఒక్కపారి చెప్పమంటే చెప్పకపోతిరి. ఇయ్యాల స్టేషనంత ఇనబడేటట్టు ఒర్రుతున్నరు. జర మెల్లగ, నా ఇజ్జత్ పోతది" అంది. అంటూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

భయం పూర్తిగా పోయిందని నేను అబద్ధం చెప్పను. రిటైరయ్యే రోజు దాకా మెట్లెక్కేటప్పుడు అది నా పక్కనే ఎక్కేది. దాన్ని పక్కన పెట్టుకునే పిలిచాను, సీసా లేకుండా పిలిచాను. నా జవాబు రెండు పేజీలూ సర్వీసు పుస్తకంలో చేర్చమని అర్జీల మీద అర్జీలు పెట్టుకున్నాను. చేర్చలేదు. తాగాడన్న మాట మిగిలింది, ఎందుకన్నది మిగలలేదు.

ఇప్పుడు హాలు సంగతి. నాకు మొదటి మూత పోసిన పక్క బల్ల గుమాస్తాయే ఈనాటి సంఘం కార్యదర్శి. నా జవాబు చదివినప్పుడు నవ్విన ఆ నోటితోనే నా మనోబలం గురించి చదివాడు. నేను అతని చేతిలోంచి మైకు తీసుకున్నాను. చెయ్యి వణికింది, వణకనిచ్చాను. ముందు భయం వచ్చింది, దానికి మీరందరూ నవ్వారు, ఆ నవ్వు తట్టుకోవడానికి సీసా వచ్చింది, దాన్ని తెచ్చి ఇచ్చినవాడు ఇక్కడే ఉన్నాడు, ఈ మూడూ రాసిన రోజు నేను శాలువా కప్పుకుంటాను అన్నాను. ఆఖరి వరసలో కూర్చున్న మా ఆవిడను, పాత పద్ధతిలోనే పేరు, తండ్రి పేరు, బస్తీ చెప్పి మూడుసార్లు పిలిచాను. మూడో పిలుపుకు ఆమె లేచి, "ఔ, ఇనబడ్డది, నడువుండ్రి" అంది. భోజనం చేయకుండానే బయటికొచ్చాం.

బయట ఎండలో ఆగి ఆగి నాంపల్లి దాకా నడిచాం. ఇరానీ హోటలు ఉన్న చోట చెప్పుల షోరూం. మా ఆఫీసు వరండాకు అద్దాలు బిగించి, లోపల ఎర్ర అంకెలు వెలిగే బోర్డు పెట్టారు. టోకెన్ నంబరు మారుతుంది, జనం తలెత్తి చూసి లేచి పోతారు, ఎవరినీ ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆ బోర్డు నా కాలంలో ఉంటే నా బతుకులో సీసా ఉండేది కాదు. స్టేషన్‌లో ఆ సాయంత్రమూ ఉండేది కాదు. తిరిగొస్తూ చూస్తే, ఆబిడ్స్ గల్లీలో ఆ మందు దుకాణం పోయి ఫోన్లు బాగుచేసే కొట్టు వచ్చింది. పాతాయన ఏమయ్యాడని అడిగితే ఆ కొట్టు వాళ్లు, "ఏ పాతాయన? పేరేంది?" అన్నారు.

నాకు తెలియదు. వేల మందిని పేరు పేరునా పిలిచాను, నన్ను చూసి నవ్విన వాళ్ల పేర్లన్నీ వరసగా చెప్పగలను, ఆ ఒక్క మనిషి పేరు మాత్రం అడగలేదు. సంఘానికి ఇప్పటికే మూడు ఉత్తరాలు రాశాను, నాలుగోది రాస్తున్నాను. ఈ మరుపు మీద మాత్రం ఫిర్యాదు ఎవరికి పెట్టుకోవాలో తోచడం లేదు.