పోచమ్మ నోట్లో పెట్టబోయిన మాట

నా చిన్నప్పుడు మేము నానక్‌రామ్‌గూడలో ఉండేవాళ్లం. ఆ పేరు చెప్పగానే ఇప్పటి పిల్లలకు అద్దాల మేడలు, షేర్ ఆటోలు గుర్తుకొస్తాయి. అప్పుడది బండరాళ్ల మధ్య జొన్నచేలున్న చిన్న ఊరు. మా అమ్మ అక్కడి సర్కారు దవాఖానలో నర్సు. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చింది. నాన్న రైల్వేలో గార్డు, వీలున్నప్పుడల్లా వచ్చి వెళ్లేవాడు. మేము క్రైస్తవులం. ఊళ్లో ఆ మతం వాళ్లం మేమొక్కళ్లమే అయినా, దాని గురించి ఎవరూ ఏమీ అన్నట్టు నాకు గుర్తు లేదు, ఆ ఏడాది వరకు.

మేమున్న రెండు గదులు పక్కింటి అవ్వవి. అవ్వ సన్నగా, పొడుగ్గా ఉండేది. గొంతు మాత్రం ఊరి చివరిదాకా వినిపించేది. ఏడాదంతా మేకల్ని తిట్టుకుంటూ తిరిగే ఆ మనిషికి ఆషాఢంలో బోనాల నాడు పోచమ్మ పూనేది. ఆ రోజు ఊరంతా ఆమె కాళ్ల మీద పడేది. ఆమె నోట వచ్చిన మాటకు ఏడాదంతా తిరుగుండేది కాదు. అవ్వకు ఒక్కడే కొడుకు. పట్నంలో డిగ్రీ చదివి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉండేవాడు.

తెలంగాణ ఉద్యమం మొదటిసారి రగిలింది ఆ ఏడే. బడులు మూతపడ్డాయి. ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్లకే రావాలని చదువుకున్న పిల్లలంతా రోడ్లెక్కారు. అవ్వ కొడుకు కూడా వెళ్లాడు. లాఠీ దెబ్బలు తిన్నాడు, జైల్లో పడ్డాడు. ఊరివాళ్లే మరికొందరు కుర్రాళ్లు అతనితో పాటు ఉన్నారు. కబురు తెలిసిన సాయంత్రం అవ్వ మా గడపలో కూలబడి ఏడ్చింది.

“నా కొడుకు అడిగింది తప్పా నర్సమ్మా?”

“తప్పు కాదండి పెద్దమ్మగారూ. అతని చోట నేనున్నా అదే అడుగుతాను” అంది అమ్మ.

పరాయి ప్రాంతం నుంచి వచ్చి అక్కడ కొలువు చేస్తున్న మనిషి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు పెద్దయ్యాకే అర్థమైంది. అవ్వకు అప్పుడే అర్థమై ఉంటుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, నా తల నిమిరి వెళ్లిపోయింది.

మా ఊరి పటేలు సంగతి వేరు. ఆ వేసవి దాకా ఆయన అధికారంలో ఉన్నవాళ్ల వెంట తిరిగాడు. గాలి మారిందని తెలియగానే ఉద్యమం జెండా పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఊళ్లో ఏదో ఒకటి చేసి చూపించాలి కదా. చేతికందే దూరంలో ఉన్న పరాయి మనిషి మా అమ్మ. అయితే ఊళ్లో సగం మంది పిల్లలకు పురుడు పోసింది అమ్మే. ఊరికే వెళ్లగొడదామంటే ఎవరూ కదలరు. సరిగ్గా ఆ రోజుల్లోనే కొందరు పిల్లలకు ఆటలమ్మ పోసింది. అమ్మ ఇంటింటికీ తిరిగి మశూచి టీకాలు వేస్తున్న సమయం అది. కిరస్తానీ నర్సు సూదులు పొడవబట్టే తల్లికి కోపం వచ్చిందని ఎవరో అన్నారు. ఆ మాట ఎక్కడ పుట్టిందోగాని, నీళ్ల బావి దగ్గర అమ్మను చూసి ఆడవాళ్లు మాటలు ఆపేయడం మొదలైంది.

బోనాలు దగ్గరపడ్డాయి. ఒక మధ్యాహ్నం నేను అవ్వ వంటింట్లో కూర్చుని వేయించిన పల్లీలు తింటున్నాను. పటేలు వచ్చి బయటి అరుగు మీద కూర్చున్నాడు. నేను లోపలున్నట్టు ఆయనకు తెలియదు.

“ఫికర్ జేయకు అవ్వా. ఠాణాల అందరు నాకు తెలిసినోళ్లే. నీ కొడుకును జమానతు మీద తీస్కొస్త. నువ్వు జేసేది ఒక్కటే. బోనాల నాడు పోచమ్మ నోట ఒక్క మాట రావాలె. గా నర్సు ఊళ్లుంటే ఊరికి అరిష్టమని.”

“అమ్మ ఏం పలుకుతదో నాకేమెరుక పటేలా” అంది అవ్వ. “నీకెరుకే” అని నవ్వి ఆయన లేచి వెళ్లిపోయాడు.

నేను పల్లీలు వదిలేసి ఇంటికి పరుగెత్తాను. విన్నదంతా అమ్మకు చెప్పాను. అమ్మ ట్రంకుపెట్టె దించి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. అవ్వ మంచిది కదా, అలా చెప్పదు కదా అని అడిగాను. “కొడుకు జైల్లో ఉన్న తల్లి, అమ్మలూ. ఏం చెప్పినా మనం తప్పు పట్టకూడదు” అంది. రైళ్లు సరిగా నడవడం లేదు, నాన్న రాలేడు. మేము వెళ్లాలన్నా ఎలా వెళ్లాలో తెలియదు. ఆ రోజుల్లో అవ్వ మా ఇంటివైపు చూడను కూడా లేదు. నాకు అదే ఎక్కువ భయం వేసింది.

బోనాల నాడు అమ్మ తలుపు దగ్గరగా వేసి, నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని ప్రార్థన చేస్తోంది. డప్పుల చప్పుడు దూరం నుంచి దగ్గరైంది. సరిగ్గా మా గుమ్మం ముందుకొచ్చి ఆగిపోయింది.

“తలుపు తియ్యి!”

అది అవ్వ గొంతే. కాని నాకు తెలిసిన గొంతు కాదు. అమ్మ లేచి తలుపు తీసింది. నేను ఆమె చీర పట్టుకుని నిలబడ్డాను. జుట్టు విరబోసుకుని, ఒళ్లంతా పసుపుతో, చేతిలో వేపమండలతో అవ్వ ఊగిపోతోంది. వెనక ఊరంతా ఉంది. అందరికంటే ముందు పటేలు, చేతులు జోడించి, పెదవుల మీద సన్నటి నవ్వుతో.

అవ్వ గుప్పెడు పసుపు తీసి అమ్మ నుదుట పెట్టింది. ఊరివైపు తిరిగింది.

“గీ ఊళ్లె నా బిడ్డలు పుడుతుంటె ఎవ్వరి చేతులల్ల పడుతున్నరో ఎరుకనా బాలకా? గీమె చేతులల్ల! గీ చేతులను ఎల్లగొడ్తె నేను గూడ ఎల్లిపోత. ఇగ మీ ఊళ్లె ఉండ!”

ఒక్కసారిగా జనమంతా నేల మీద పడి మొక్కారు. ఉండు తల్లీ, తప్పయింది తల్లీ అని ఆడవాళ్లు ఏడ్చారు. పటేలు ఒక్కడే నిలబడి ఉన్నాడు. అంతమందిలో నిలబడి ఉండలేక ఆయన కూడా వంగాడు. వంగిన తల మీద అవ్వ చెయ్యి పెట్టింది.

“నా పిల్లలు జైల్ల ఉన్నరు. నువ్వు తెస్తనన్నవట. తెస్తవా, తేవా?”

పటేలు తల ఎత్తలేదు. చుట్టూ ఊరంతా వింటోంది.

“తెస్త తల్లీ.”

“అందరినా?”

“అందరిని తెస్త.”

డప్పులు మళ్లీ మోగాయి. ఊరేగింపు ముందుకు కదిలింది. అమ్మ గుమ్మంలోనే కూలబడి, నన్ను కరుచుకుని నవ్వింది, ఏడ్చింది. ఎప్పుడూ బొట్టు పెట్టుకోని మా అమ్మ ఆ పసుపును చీకటి పడేదాకా తుడవలేదు. ఆ రాత్రి ప్రార్థనలో అవ్వ పేరు చెప్పి దేవుడికి వందనాలు చెల్లించింది. ట్రంకుపెట్టెలోంచి బట్టలు మళ్లీ దండెం మీదికి వచ్చాయి.

ఊరంతా విన్న మాట కాబట్టి పటేలుకు తప్పలేదు. ఠాణా చుట్టూ, కచేరీ చుట్టూ తిరిగాడు. కుర్రాళ్లంతా ఇంటికొచ్చారు. అవ్వ కొడుకు చేతికి కట్టుతో వచ్చాడు. ఆ కట్టు విప్పి మందు రాసింది మా అమ్మే. అతను కోలుకోగానే మళ్లీ ఉద్యమంలోకే వెళ్లాడు. అమ్మ జాగ్రత్త చెప్పిందేగాని వద్దనలేదు.

బోనాల మర్నాడే నేను అవ్వను అడిగేశాను, నిన్న మాట్లాడింది నువ్వా, పోచమ్మా అని. అవ్వ మేకకు ఆకు వేస్తోంది.

“అమ్మ ఒంటి మీదికొచ్చినంక నాకేం యాదుంటది బిడ్డా” అంది. నా వైపు చూడకుండానే, “గని అమ్మ నోట్లె తన మాట పెడ్తనని ఎవడన్న వస్తె, అమ్మ ఊకుంటదా?” అంది.

ఇప్పుడు మణికొండలో మనవల దగ్గర ఉంటున్నాను. ఉద్యమం మళ్లీ వచ్చింది, రాష్ట్రం వచ్చింది. దేవుడి పేరు చెప్పి ఓటు అడిగేవాళ్లను, దేవుడి పేరు చెప్పి మనిషిని వెళ్లగొట్టమనేవాళ్లను చాలామందిని చూశాను. అలాంటి మాట వినపడినప్పుడల్లా అది దేవుడిదా, ఆ పక్కన చేతులు జోడించి నిలబడ్డవాడిదా అని ఒకసారి చూసుకోవడం నాకు అలవాటైంది. అవ్వ ఆ రోజు కొడుకును పణంగా పెట్టి పలికింది. పటేలు మొండికేసి ఉంటే ఆమెకు కొడుకు దక్కేవాడు కాదేమో. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే మా తలుపు తట్టింది. నేను చర్చిలో మోకరిల్లినప్పుడు ఇప్పటికీ మా అమ్మ పేరు తర్వాత అవ్వ పేరు చెప్పుకుంటాను. ఏ దేవుడూ దానికి అభ్యంతరం చెప్పలేదు.