ఖూన్, కూన

విశాఖపట్నంలో బండి సాయంత్రం 7.40కి కదిలింది. ఖరగ్‌పూర్‌లో దిగి, మరో బండిలో 134 కిలోమీటర్లు వెళితే టాటానగర్. మొత్తం పదహారు గంటల ప్రయాణం. జంషెడ్‌పూర్‌లో ఉంటున్న మా చెల్లెలు కరుణ హిమోగ్లోబిన్ ఉదయం 7.1, మధ్యాహ్నానికి 6.2. గర్భసంచిలోని గడ్డ నుంచి రక్తస్రావం ఆగడం లేదు. పరికరాల ఇంజనీరుగా రెండు రీడింగుల మధ్య గీత గీసి, అది ఎక్కడికి చేరుతుందో చూడటం నా వృత్తి. ఆ గీతను మాత్రం పొడిగించి చూడలేకపోయాను.

ఆమెది బి నెగిటివ్. నాది బి పాజిటివ్, పనికిరాదు. రెండు యూనిట్లు చేతికి రానిదే ఆపరేషన్ మొదలుపెట్టలేమని డాక్టరు చెప్పారట.

జనరల్ బోగీలో తలుపు దగ్గరే నిలబడిపోయాను. పలాస వెళ్లే ఒక పెద్దాయన జరిగి చోటిచ్చాడు. “కూకో బాబూ. నువ్వు నిలబడితే బండి బేగి ఎల్దు.”

ఖరగ్‌పూర్‌లో ఇడ్లీ కొన్నాను, తినలేదు. ఏం వినవలసి వస్తుందోనని ఫోన్ కూడా చేయలేదు. టాటానగర్ చేరేసరికి 11.35. స్టేషన్ బయట షేర్ ఆటోలు నిండేదాకా కదలవు. తొందర ఉన్నవారు మొత్తం ఆటో మాట్లాడుకోవాలి. గోల్‌మురి దగ్గరి ఆసుపత్రికి 180 రూపాయలు తీసుకున్నాడు.

కరుణ భర్త ప్రసాద్ వరండాలో ఉన్నాడు. రక్తం ఎక్కడా దొరకలేదు. “దేవుడు చూసుకుంటాడు బావా,” అన్నాడు. ఎలా అని అడగబోయి మానుకున్నాను.

12.20కి ఇద్దరు స్త్రీలు వచ్చారు: వాళ్ల చర్చి సంఘంలోని అప్పాయమ్మగారు, కోడలు రోజా. ఆ సంఘంలో ప్రతి ఇంటా వంటకు ముందు పిడికెడు బియ్యం దేవునికని తీసిపెడతారు. ఆ బియ్యంతో వండిన అన్నం మాకు తెచ్చారు.

“కంగారు పడకు బాబూ,” అన్నారు అప్పాయమ్మగారు నాతో. “సంగమంతా మోకాళ్ల మీదుంది. ఆ పిల్లకి దేవుడు కూనని ఇత్తాడు.”

ప్రసాద్‌కు పొరపాటు అర్థమైంది. అతను పంపిన సందేశాన్ని ఆవిడ మనవరాలు హిందీలో చదివి వినిపించిందట: కరుణ ఆంటీకో ఖూన్ చాహియే. ఖూన్ అంటే రక్తం. ఆవిడ తెలుగులో కూన అంటే పసిబిడ్డ. పెళ్లై ఆరేళ్లయినా కరుణకు పిల్లలు లేరు.

“కూన కాదు మామ్మా. రక్తం కావాల,” అన్నాడు ప్రసాద్.

ఆవిడ బెంచీ మీద కూలబడ్డారు. కోడలి చెయ్యి పట్టుకుని అన్నారు: “మా రోజాకి మొదటి కూన నిలవలేదు. రక్తం నెగిటివ్ అని సూదేసినాక రెండోది నిలిచింది. కరుణకి ధైర్యం చెప్తాదని తెచ్చినాను.”

నెగిటివ్ అన్న మాట దగ్గర నేను రోజా వైపు తిరిగాను. రోజా అప్పటికే లేచి నిలబడింది.

ఆమెది ఓ నెగిటివ్. ఆ ఎర్రకణాలు కరుణకు ఎక్కించవచ్చు. పరీక్షలు ముగిసేసరికి 4.50. రెండో యూనిట్ రాలేదు. ఇక ఆగితే ప్రమాదమని, ఒక్కదానితోనే 5.15కి ఆపరేషన్ గది తలుపులు మూశారు. ప్రార్థించాను. భయం తగ్గలేదు, భయంతోనే ప్రార్థించాను. 7.25కి డాక్టరు బయటికి వచ్చి, ప్రాణం దక్కిందని, గర్భసంచి తీసేశామని చెప్పారు.

మర్నాడు అప్పాయమ్మగారు గదిలోకి రావడానికి వెనకాడారు. కరుణే పిలిపించింది. నాతో అంది: “మామ్మనేటీ అనకు అన్నియ్యా. ఆరేళ్లుగా నేనూ అదే అడుగుతన్నాను.”

ఐదో రోజు తిరుగు బండి ఎక్కాను. అడిగింది వేరు, అందింది వేరు. రెండింటికీ మధ్య గీత గీయడం నా చదువుకు అందలేదు. ఖరగ్‌పూర్‌లో ఈసారి ఇడ్లీ తిన్నాను.

రానుపోను రైలు చార్జీలు: 1,120 రూపాయలు. ఆటోలు: 360. ఇడ్లీ, రెండుసార్లు: 80. ఐదు రోజుల భోజనం: పిడికెడు బియ్యం, ఖర్చు లేదు. రక్తం: ఒక యూనిట్, ఖరీదు కట్టలేదు. నష్టం: కరుణ అడుగుతూ వచ్చిన కూన.