ఖాళీ అనుకుని కోసేసిన చోటు

2024 వేసవి. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో నా కంప్యూటర్ రిపేరు షాపు. మిట్టమధ్యాహ్నం సునీత అనే అమ్మాయి బయ్యారం దగ్గరి తండా నుంచి వచ్చింది. చున్నీలో చుట్టి తెచ్చిన పాత హార్డ్ డిస్క్‌ను బల్ల మీద పెట్టింది.

"అన్నా, గిందుల మా యాడి ఉన్నది," అంది. లంబాడీ భాషలో యాడి అంటే అమ్మ.

ఎనిమిది రోజుల్లో ఆమె పెళ్లి. వాళ్లలో పెళ్లికూతురు తన బంధువుల మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే పాటను ఢావ్లో అంటారు.

"ఎవలి యాడి వాళ్లకు నేర్పుతది. నేను ఉయ్యాలల ఉన్నప్పుడే మా యాడి పోయింది. దవాఖానకు పోయే ముందు మా మామ దుకాణంల పాడి పెట్టిందట. గది రాకుంటే నేను మూగదాని లెక్క నిలబడాలె."

మామది పెళ్లి వీడియోల దుకాణం. ఆయన కంప్యూటర్ ఎప్పుడో పాడైంది, ఈ డిస్క్ దానిదే. పాట దాచిన సాఫ్ట్‌వేర్ పాత విండోస్ ఎక్స్‌పీలో తప్ప తెరుచుకోదు. అలాంటప్పుడు మేము వర్చువల్ మెషీన్ పెడతాం. అంటే కొత్త కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్ ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌ను నమ్మించడం. డిస్క్ మొత్తాన్ని అందులోకి ఎక్కించాను. అయినా లైసెన్స్ గడువు తీరిందంటూ సాఫ్ట్‌వేర్ మూసుకుపోయింది. లోపలి గడియారాన్ని, పాట రికార్డ్ చేసిన 2003కు తిప్పాను. అప్పుడు తెరుచుకుంది.

ఫైల్ నొక్కగానే ఆడమనిషి ఏడుపు, రాగం తీస్తూ. అంతలో ఆగిపోయింది. సుమారు పది సెకన్లు నిశ్శబ్దం. తర్వాత మెల్లగా "హా" అంది, నేనేదో చెబితే విన్నట్టు. మళ్లీ ఏడుపు. నేను దయ్యాలను నమ్మేవాణ్ని కాదు. అయినా లేచి వెళ్లి షాపు తలుపు బార్లా తీసి వచ్చాను.

డిస్క్ దెబ్బతిని పాట మధ్యలో పోయిందనుకున్నాను. పెద్ద తెలివిమంతుడిలా ఆ ఖాళీలన్నీ కోసి, అతికించి, ఆ ఫైల్ మీదే సేవ్ చేశాను. మర్నాడు సునీతకు వినిపించాను. మొదట కళ్లు తుడుచుకుంది. తర్వాత ముఖం మారిపోయింది.

"అన్నా, గిది గిట్ల ఊపిరి తీయకుంట పాడరు. నడుమ నేను అనే జాగ ఏది?"

"నువ్వు అనే జాగ ఏందమ్మా?"

"యాడి ఒక వరుస అంటది, ఆగుతది. బిడ్డ అదే తిరిగి అనాలె. మా తండాల అందరికీ గట్లనే నేర్పుతరు."

ఉయ్యాలలో ఉన్న పిల్ల పెద్దదై పాడటానికి ఆ తల్లి విడిచిన చోటును నేను చెత్తలా కోసిపారేశాను. అదృష్టం, ముందుగా స్నాప్‌షాట్ తీసి ఉంచాను. యంత్రం ఏ క్షణంలో ఎలా ఉందో అలాగే దాచుకోవడమది. అన్నానికి కూర్చునే ముందు చేతులు కడుక్కున్నంత అలవాటు మాకు. యంత్రాన్ని ఆ క్షణానికి వెనక్కి తిప్పాను. తెర మూలన గడియారం 2003లో, నేను కోయకముందు సమయం చూపింది.

తల్లి ఒక వరుస పాడి ఆగింది. సునీత తెర అంచును మెడలా పట్టుకుని, తడబడుతూ అదే వరుస అంది. ఆమె గొంతు ఆగిన మరుక్షణం స్పీకర్‌లోంచి "హా" అని వినిపించింది.

నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. సునీత మాత్రం భయపడలేదు.

"యాడి ఇన్నదన్నా," అంది.

సాయంత్రం దాకా వాళ్లిద్దరూ పాడుకున్నారు. నేను షాపు మెట్ల మీద కూర్చున్నాను. అప్పటి నుంచి ఏ ఫైల్‌లో ఖాళీ కనిపించినా, అది ఎవరి కోసమో అడగనిదే చెయ్యి వేయను.