బల్ల మీద చప్పుడు

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో మాతో ఒక ఏడాది కలిసి ఉన్న జర్మన్ కుర్రాడు చప్పట్లు కొట్టేవాడు కాదు. క్లాసులో ఎవరైనా బాగా మాట్లాడితే, ముడిచిన వేళ్లతో బల్ల మీద టకటకా కొట్టేవాడు. వాళ్ల యూనివర్సిటీల్లో మెచ్చుకోవడమంటే అదేనట. నా పప్పుచారుకీ ఆ మర్యాద దక్కింది.

ఆ చలికాలం అతనూ నేనూ ఇక్కడి యూనివర్సిటీల్లోనే పీహెచ్‌డీకి అప్లై చేశాం. దరఖాస్తుతో పంపే వ్యాసంలో అతను మొదటి పేరా నిండా తన చెడిపోయిన ప్రయోగం గురించే రాశాడు. అది చదివి మా గుంటూరు రూమ్మేట్ తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఎస్‌ఓపీలో ఫెయిలయ్యానని ఎవడైనా రాసుకుంటాడా? డిలీట్ చెయ్యమను!"

ఆ మాటే అతనికి చెప్పాను.

"నేను నేర్చుకున్నది దాన్నుంచే కదా!" అన్నాడు వింతగా చూస్తూ.

మార్చిలో అతనికి వరసగా రిజెక్ట్‌లే వచ్చాయి. ఆఖరిది వచ్చిన సాయంత్రమే నాకు అడ్మిట్ వచ్చింది. ఎలా చెప్పాలా అని నేను నసుగుతుంటే, "వీడికి వచ్చేసింది!" అని రూమ్మేట్ ఇంగ్లీషులో అరిచేశాడు.

అతను లాప్‌టాప్ మూసి, వంటింటి బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. థాంక్స్ చెప్పాను. ఆపలేదు. గ్లాసులు కదిలాయి. రూమ్మేట్ నవ్వు ఆగిపోయింది.

మెచ్చుకోవడానికి అంత గట్టిగా కొట్టక్కర్లేదని ముగ్గురికీ తెలుసు.